అడ్డసరం దడి

మాస్టారి పెద్దకర్మకని మొన్న ఊరు వెళ్లాను. గుడివాడలో బస్సు మారి, కాలవ వంతెన దగ్గర దిగి, మా వీధి వైపు తిరిగానో లేదో ఆ వాసన తగిలింది. పచ్చి అడ్డసరం ఆకు నలిగిన వాసన. తెలియనివాళ్లకు అది మంచి వాసనేమీ కాదు, ముక్కు చిట్లిస్తారు. చేదుకే వాసన ఉంటే అలా ఉంటుంది. నాకు మాత్రం కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

మా పాత ఇల్లు కొనుక్కున్నవాళ్లు ప్రహరీ కట్టుకుంటున్నారు. జేసీబీ వచ్చి దడి మొత్తం పెకలించి వీధి వారగా కుప్ప పోసింది. మా ఇంటికీ మాస్టారి ఇంటికీ మధ్య ఉండే దడి అది. ఇటుకల ట్రాక్టరు దాని మీదుగా తిరిగి ఆకంతా పిప్పి అయింది. వాళ్లను అనడానికేం లేదు. ఇల్లు వాళ్లది, గోడ వాళ్లకు కావాలి. కుప్ప పక్కనే రెండు మేకలు తిరుగుతున్నాయి. గట్టు మీద ఎండు గడ్డి కొరుకుతున్నాయి, ఎక్కడిదో కాగితం ముక్క నములుతున్నాయి, అంత పచ్చటి ఆకు కుప్పగా పడి ఉంటే మూతి కూడా పెట్టడం లేదు.

నాయనమ్మ పోయి నలభై ఏళ్లు దాటింది. మాస్టారు తొంభై మూడేళ్లు బతికి ఇప్పుడు వెళ్లారు. ఆ దడికి ఇటు ఆవిడ, అటు ఆయన. మా ఊళ్లో దగ్గు అన్నది ఎవరికి వచ్చినా ఆ ఇద్దరిలో ఒకరి గడప తొక్కకుండా పోయేది కాదు.

*

అప్పట్లో గోడలు ఎవరికున్నాయి? తుమ్మకంప, తాటాకు, కొంచెం ఓపిక ఉన్నవాళ్లకు అడ్డసరం. వానలు పడగానే జానెడు కొమ్మలు నరికి వరసగా గుచ్చితే చాలు, మళ్లీ ఏడాదికి నడుం ఎత్తు వచ్చేది. నీళ్లు పోసేవాళ్లు లేరు, ఎరువు వేసేవాళ్లు లేరు. పశువు తినదు, మేక తినదు, పురుగు కూడా పెద్దగా పట్టదు. కాలవ గట్ల మీద, పాడుపడ్డ దొడ్లలో, శ్మశానం దారిలో దానంతటదే పెరిగేది. దాన్ని ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేదు.

చలికాలంలో పూసేది. తెల్లటి పువ్వు, కింది పెదవి మీద ఊదారంగు గీతలు. పక్క నుంచి చూస్తే నోరు తెరిచిన జంతువులా ఉంటుంది. సంస్కృతంలో దానికి సింహాస్యం అని పేరుందని చాలా ఏళ్ల తరవాత చదివినప్పుడు, పేరు పెట్టినవాడు కూడా ఏదో ఒక దడి పక్కన కూర్చుని ఆ పువ్వును తేరిపార చూసి ఉంటాడు అనిపించింది. మేం పిల్లలం ఆ పువ్వును ఊడపీకి వెనక వైపు నోట్లో పెట్టుకుని పీల్చేవాళ్లం. చీమ తలంత తీపి తగిలేది. అంత చేదు చెట్టు తన పువ్వు అడుగున అంత తీపి ఎలా దాచుకుందో అని నాకు వింతగా ఉండేది. అది చూసి నాయనమ్మ, "తేనెటీగల నోటి కాడది లాక్కుంటున్నారర్రా!" అని అరిచేది.

ఎండాకాలంలో మామిడికాయలు మాగవేసేటప్పుడు గడ్డి పరిచి, దాని మీద నాలుగు అడ్డసరం రెమ్మలు పెట్టి, ఆ పైన కాయలు పేర్చేది. పురుగు రాదనేది. గది తలుపు తీస్తే మామిడిపండు కమ్మదనం, దాని అడుగున ఈ చేదు వాసన. ఆ రెండూ కలిసిన వాసన మళ్లీ ఎక్కడా దొరకలేదు నాకు.

*

నాయనమ్మకు చదువు రాదు. వైద్యం చేస్తున్నాననీ ఆవిడ ఎప్పుడూ అనలేదు. "ఆకు ఇస్తాను" అనేది, అంతే.

ఆవిడ ముందు చేసే పని దగ్గు వినడం. సాయంత్రం ఎవరో పిల్లను చంకనేసుకుని వస్తే వెంటనే దడి దగ్గరకు వెళ్లేది కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ ఆ పిల్ల దగ్గేదాకా ఆగేది. పొడిగా గీరుతున్న దగ్గు అయితే ముఖం ఒకలా పెట్టేది. లోపల కఫం గురగురలాడితే తల ఊపేది. దగ్గి దగ్గి చివర్లో ఊపిరి లోపలికి లాగేటప్పుడు కూత పెడితే మాత్రం, "ఇది కోరింత దగ్గమ్మా, ఇంట్లో మిగతా పిల్లల్ని దూరంగా పడుకోబెట్టు" అనేది.

ఆకు కోసే పద్ధతి కూడా ఉండేది. లేత చిగురు కాదు, పండుబారింది కాదు, నడిమి ఆకు. జానెడు పొడుగున్నవి ఏడో ఎనిమిదో. కడిగి పచ్చిగా దంచితే ఆ ఆకు రసం ఇవ్వదు. ఎంత పిండినా చేతికి జిడ్డే తప్ప చుక్క రాదు. అందుకని అన్నం వార్చిన గిన్నె మీద మూత బోర్లించి, ఆ వేడి మూత మీద ఆకులు పరిచేది. అవి మెత్తబడి, రంగు మారి, ముదురాకుపచ్చ అయ్యేవి. అప్పుడు రోట్లో నలగ్గొట్టి, పాత పంచె ముక్కలో మూట కట్టి మెలిపెడితే చిక్కటి రసం బొట్లు బొట్లుగా దిగేది. ఆ గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా పసుపుపచ్చ మరక పోయేది కాదు. ఆ గుడ్డ వేరే పనికి వాడనిచ్చేది కాదు, దండెం చివర దానికంటూ ఒక చోటుండేది. ఇంకా బాగా ముదిరిన దగ్గయితే ఆకు నూరిన ముద్దను అరటాకులో చుట్టి, మీద బంకమట్టి మెత్తి, పొయ్యిలో నిప్పుల కింద పెట్టి, మట్టి ఎర్రబడ్డాక పగలగొట్టి పిండేది. పుటం పెట్టడం అంటే అదేనని నాకు కాలేజీకి వెళ్లాక తెలిసింది.

ఆ రసం ఉగ్గుగిన్నెలో పోసి, తేనె కలిపి, వేయించిన పిప్పళ్ల పొడి చిటికెడు వేసి, ముక్కు మూయకుండా మింగించేది. ముక్కు మూస్తే వాంతి అవుతుందనేది. "కళ్లు మూసుకో. నేను మూడు లెక్కపెడతాను. ఒకటి, రెండు..." అని రెండు దగ్గరే గిన్నె ఒంపేసేది. ప్రతిసారీ రెండు దగ్గరే. అయినా ప్రతిసారీ మూడు అంటుందేమోనని నమ్మేదాన్ని.

కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం ఇచ్చేది కాదు. మా చిన్నత్త పురిటికి వచ్చినప్పుడు రాత్రంతా దగ్గుతుంటే, ఆకు కోసుకురానా అని నేను అడిగాను. "దాని జోలికి వెళ్లకు. కాన్పయ్యేదాకా ఆ ఆకు గుమ్మం లోపలికి రాకూడదు" అంది. మిరియాల పాలతోనే సరిపెట్టింది. ఎందుకని అడిగితే, "మా అమ్మ ఇవ్వొద్దంది" అని ఒక్క మాట.

*

మాస్టారు బదిలీ మీద మా ఊరి బడికి వచ్చి పక్కింట్లో అద్దెకు దిగినప్పుడు ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. సామానులో పుస్తకాల ట్రంకుపెట్టె, దాంతో పాటు ఒక చెక్కపెట్టె. మూత తీస్తే లోపల గళ్లు గళ్లుగా కన్నాలు, ఒక్కో కన్నంలో బిరడా పెట్టిన చిన్న సీసా. సీసాల నెత్తిన గుండ్రటి కాగితం ముక్కలు, వాటి మీద ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు. పెట్టె తెరవగానే సారా వాసన గుప్పుమనేది. ఆ వాసన పట్టుకునే ఊళ్లో మొదట ఏవేవో అనుకున్నారు.

గుడివాడ పక్క పల్లెలకు హోమియో కొత్తేం కాదు. అక్కడ హోమియో కాలేజీ 1945 నుంచీ ఉంది. బడి పంతుళ్లు, పోస్టు మాస్టర్లు, రైల్వే గుమాస్తాలు ఒక పుస్తకం, ఒక పెట్టె పెట్టుకుని ఆదివారం పూట ఉచితంగా మందిచ్చే రోజులవి. కానీ మా ఊళ్లో అప్పటిదాకా ఎవరూ లేరు. "పంచదార బిళ్లలతో రోగం పోతుందా?" అని రచ్చబండ దగ్గర నవ్వుకునేవాళ్లు. మొదటి నాలుగు ఆదివారాలూ ఆయన అరుగు మీద చాప పరుచుకుని ఒక్కరే కూర్చున్నారు. ఎదురుగా పెట్టె, పక్కన నోటుబుక్కు, మూత పెట్టిన ఇంకు సీసా. నాయనమ్మ దడి ఇవతల నుంచి చూసేది. "పాపం, ఒక్కడే కూర్చున్నాడే" అనేది.

ఆ చలికాలంలో నాకు జలుబు చేసి దగ్గు పట్టుకుంది. ముందు తుమ్ములు, ముక్కు నీళ్లు, తరవాత గొంతు రాసుకుపోయి, ఎద మధ్య నుంచి తన్నుకొచ్చే దగ్గు. ఏదీ వాసన తెలిసేది కాదు. నాయనమ్మ అడ్డసరం ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టి, "తెలుస్తోందా?" అంది. తెలియలేదు. అంతటి వాసన కూడా తెలియకపోయేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఆకురసం మొదలుపెట్టింది. మూడో రోజున, ఏమనుకుందో ఏమో, నా చెయ్యి పట్టుకుని దడి సందులోంచి అవతలికి తీసుకెళ్లింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. "రండి పిన్నిగారూ" అన్నారు.

"దీని దగ్గు చూడు నాయనా" అంది నాయనమ్మ.

ఆయన నన్ను అడిగినన్ని ప్రశ్నలు ఇప్పటిదాకా ఏ డాక్టరూ అడగలేదు. పడుకుంటే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా? ఏ పక్కకు తిరిగి పడుకుంటే హాయి? దాహం వేస్తోందా? చల్లనీళ్లు కావాలనిపిస్తోందా, వేడినీళ్లా? ఎవరైనా గట్టిగా మాట్లాడితే చిరాకుగా ఉందా? కలలేమైనా వస్తున్నాయా? ఎనిమిదేళ్ల పిల్లను పెద్దమనిషిని అడిగినట్టు అడిగి, నేను చెప్పిందల్లా నోటుబుక్కులో రాసుకున్నారు. చివర్లో నాయనమ్మను అడిగారు: "ఇంట్లో ఏమైనా ఇస్తున్నారా?"

"మన దడిలో ఆకే. మూడు రోజులైంది."

ఆయన కాసేపు నా వైపు చూసి, ఆరు పొట్లాలు కట్టి ఇచ్చారు. చేత్తో ముట్టుకోకుండా కాగితం మీదుగా నాలుక మీదికి ఒంపుకోమన్నారు. అరగంట వరకూ ఏమీ తినొద్దన్నారు. తియ్యగా ఉన్నాయి. నాయనమ్మ చేదు తరవాత అవి వరాల్లా అనిపించాయి.

రెండు రోజులకు పొద్దున్నే లేచి అరుగు మీదికి వస్తే ఆకు వాసన తెలిసింది. ఎవరో దడి దగ్గర కొమ్మ విరిచారు కాబోలు. "నాయనమ్మా, వాసన వస్తోంది!" అని అరిచాను.

ఆ రోజు నుంచి నాయనమ్మ నీళ్లరేవు దగ్గర, గుడి దగ్గర, కూరల బేరం దగ్గర ఒకటే మాట: "మా పిల్లకు మాస్టారి పొట్లాలతో తగ్గింది." నా ఆకుతో తగ్గింది అని ఒక్కరితోనూ అనలేదు. పై ఆదివారం మాస్టారి అరుగు మీద ఏడుగురున్నారు. ఉగాది నాటికి జనం వీధిలోకి వచ్చారు.

*

ఆ తరవాత ఎప్పుడో ఒక మధ్యాహ్నం. మాస్టారు బెజవాడ వెళ్లి కొత్త సీసాలు తెచ్చుకున్నారు. పెట్టెలో సర్దుతూ, ఒక పెద్ద సీసా తీసి పట్టుకుని దడి దగ్గరకు వచ్చారు. లోపల ముదురాకుపచ్చ, గోధుమరంగు కలిసిన ద్రవం.

"పిన్నిగారూ, ఒకసారి చెయ్యి చాపండి" అన్నారు.

నాయనమ్మ దడి మీదుగా చెయ్యి చాపింది. అరచేతిలో ఒక్క చుక్క వేశారు. వాసన చూసింది. సారా వాసనకు మొహం చిట్లించింది. తరవాత నాలుకకు అంటించుకుంది. ఆ ముఖం నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ముందు చేదుకు ముడుచుకుంది, తరవాత కనుబొమలు పైకి లేచాయి.

"ఇది మన ఆకేగా నాయనా!"

"మన ఆకే పిన్నిగారూ. వీళ్లు జస్టీషియా అంటారు. పచ్చి ఆకు సారాలో నానబెట్టి తీసిన మదర్ టింక్చరు."

"ఎంతిచ్చావు దీనికి?"

ఆయన ధర చెప్పారు. నాయనమ్మ ఆ సీసా వైపు చూసింది, ఇద్దరి మధ్యా నడుం ఎత్తున నిలబడ్డ దడి వైపు చూసింది. "నన్నడిగితే బండెడు కోసి ఇచ్చేదాన్ని కదయ్యా!" అంది. నవ్వలేదు. నిజంగానే బాధపడింది, అంత డబ్బు పెట్టాడే అని.

అదే ఆకు ఆమె దగ్గర వేడి మూత మీద మెత్తబడేది, ఆయన దగ్గర సీసాలో నానేది. జలుబు మొదట్లోనే పట్టుకుంటే, తుమ్ములతో కూడిన దగ్గుకు, వాసనా రుచీ పోయినవాళ్లకు ఆ మందు బాగా పనిచేస్తుందని వాళ్ల పుస్తకంలో ఉందని మాస్టారు చదివి వినిపించారు. నాయనమ్మ ఆసాంతం విని, "మా అమ్మకు ఈ పుస్తకం తెలీదే!" అంది.

*

చిన్న బాబాయి సంగతి రాయకుండా ఉండలేను. రాయడం కష్టంగా ఉన్నా.

బాబాయికి దగ్గు వచ్చింది. నాయనమ్మ ఆకు ఇచ్చింది. కొంచెం తగ్గింది, మళ్లీ వచ్చింది. మళ్లీ ఇచ్చింది. కఫం తెగి పడేది, రెండు రోజులు హాయిగా ఉండేది, సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. అలా రెండు నెలలు. మనిషి వదులైపోయాడు. ఒక రోజు బావి దగ్గర దగ్గి ఉమ్మితే ఎర్రటి చార కనిపించింది. నాయనమ్మ కంగారుపడలేదు. నోట్లోంచి నెత్తురు పడితే అడ్డసరమే మందని ఆవిడ విన్నది. అడ్డసరం ఉండగా, బతకాలన్న ఆశ ఉండగా, రక్తం పడేవాడూ క్షయ ఉన్నవాడూ దగ్గేవాడూ ఎందుకు దిగులుపడాలి అని పాతవాళ్లు శ్లోకమే చెప్పుకున్నారు. ఆవిడ దాన్ని నమ్మింది. ఆకు రెట్టింపు చేసింది.

మాస్టారు అప్పుడు సెలవులకు వాళ్ల ఊరు వెళ్లి ఉన్నారు. తిరిగొచ్చిన రోజు సాయంత్రం దడి అవతల నుంచి బాబాయి దగ్గు విన్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు. బాబాయిని ప్రశ్నలేమీ అడగలేదు. రెండే అడిగారు, ఎన్నాళ్ల నుంచి, రక్తం పడిందా. అంతే, పెట్టె తెరవలేదు.

"పిన్నిగారూ, ఇది మీ ఆకుకూ లొంగదు, నా మాత్రలకూ లొంగదు. రేపు పొద్దున్న బస్సుకు నేనే తీసుకెళ్తాను. ఎక్స్‌రే తీయించాలి."

తీయించారు. టీబీ. అక్కడి నుంచి మంగళగిరి శానిటోరియం. ఆ స్థలంలో ఇప్పుడు ఎయిమ్స్ ఉంది. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూదులు, గుప్పెడు మాత్రలు. ఇంటికొచ్చాక కూడా ఏడాది పైన మందు. బాబాయి బతికాడు. డెబ్బై ఏళ్లు దాటేదాకా బతికాడు. మెట్లెక్కితే ఆయాసం మాత్రం చివరిదాకా పోలేదు.

నాయనమ్మ ఆ పొద్దున బస్సు వెళ్లాక దడి దగ్గరే కూర్చుండిపోయింది. మధ్యాహ్నం అన్నం తినలేదు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే, "రెండు నెలలు పోగొట్టానే" అంది. ఆ ఆకు కఫాన్ని తెంపుతుంది, దగ్గును నెమ్మదింపజేస్తుంది. లోపల ఊపిరితిత్తిని తినే క్రిమిని మాన్పదు. సుఖం ఇచ్చింది కాబట్టే ఆలస్యం జరిగింది. ఇది నేను పెద్దయ్యాక అర్థం చేసుకున్న మాట. ఆవిడకు ఆ రోజే అర్థమైంది.

ఆ తరవాత ఆవిడ ఆకు ఇవ్వడం మానలేదు. కానీ ముందు ఒక ప్రశ్న వచ్చి చేరింది. ఎవరొచ్చినా, దగ్గు వినకముందే, "అమావాస్య నుంచా, పున్నం నుంచా?" అని అడిగేది. ఒక పక్షం దాటిందంటే ఆకు కోసేది కాదు. "మాస్టారితో పట్నం వెళ్లండి" అనేది.

*

నేను విశాఖలో ఫార్మసీలో చేరాను. రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో ఒక ఎండుటాకు ముందు పెట్టి గుర్తుపట్టమన్నారు. ఎండాక దానికి టీ ఆకు లాంటి వాసన వస్తుంది. నలిపి చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అధటోడా వాసికా. మైక్రోస్కోపు కింద ఆకు అడుగు పొర పెట్టి చూస్తే ఒక్కో రంధ్రానికీ అటొకటి ఇటొకటి రెండు కణాలు అడ్డంగా కావలి కాస్తున్నట్టుంటాయి. మధ్యలో దడి, అటు మాస్టారు, ఇటు నాయనమ్మ. పరీక్షలో బొమ్మ వేస్తున్నప్పుడు కూడా నాకు అదే గుర్తొచ్చింది.

మా బ్యాచ్‌లో ఒక తమిళ అమ్మాయి ఉండేది. ఆ పేరు వినగానే, "ఇది మా ఆడాదొడై! ఆడు అంటే మేక, తొడా అంటే ముట్టనిది" అంది. మేక ముట్టని ఆకు అని మన దక్షిణాది పల్లెవాళ్లు పెట్టుకున్న పేరు 1753లో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ పుస్తకానికి ఎక్కి, లోకమంతటికీ శాస్త్రీయ నామమై కూర్చుంది. మా వీధి మేకలకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

ఆ ఆకులో ఉన్న చేదు పదార్థాన్ని 1888లో హూపర్ అనే ఆయన విడదీశాడు. వాస అన్న సంస్కృతం పేరు మీదే దానికి వాసిసిన్ అని పేరొచ్చింది. దాన్ని నమూనాగా పెట్టుకుని రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన మందు బ్రోమ్‌హెక్సిన్, 1963లో వాడకంలోకి వచ్చింది. అది ఒంట్లోకి వెళ్లాక మారే రూపాల్లో ఒకటి ఆంబ్రాక్సాల్. ఇవాళ దగ్గు సిరప్ సీసా తిప్పి చూస్తే వెనక సన్నటి అక్షరాల్లో ఈ రెండింటిలో ఏదో ఒకటి చాలాసార్లు కనిపిస్తుంది. చిక్కటి కఫాన్ని పలచన చేసి బయటికి పంపడం వాటి పని. లెక్చరర్ ఇదంతా బోర్డు మీద రాస్తుంటే నేను నోట్సు రాసుకోవడం మానేసి నాయనమ్మకు ఉత్తరం రాశాను. మాస్టారు చదివి వినిపించారట. "అయితే మన ఆకు బిళ్లైందన్నమాట" అందట.

చిన్నత్తకు ఆకు ఎందుకు ఇవ్వలేదో కూడా అప్పుడే తెలిసింది. వాసిసిన్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది. జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనాలయంలో కాన్పు మందుగా పనికొస్తుందేమోనని దాని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పరిశోధన పేపరు చేతికొచ్చేసరికి నాయనమ్మ లేదు. మా అమ్మ ఇవ్వొద్దంది అన్న మాట వెనక ఎన్ని తరాల ఆడవాళ్ల కష్టం ఉందో, ఎవరి కడుపు పోయి ఆ మాట పుట్టిందో! అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

*

ముప్ఫై ఏళ్లు ప్రభుత్వాసుపత్రుల్లో మందుల కిటికీ వెనక కూర్చున్నాను. ఎన్ని లక్షల బ్రోమ్‌హెక్సిన్ మాత్రలు లెక్కపెట్టి ఇచ్చానో. ఒక్కోటి 8 మిల్లీగ్రాములు. క్యూ కదలాలి, వెనక అరుస్తుంటారు, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" అని కవరు చేతిలో పెట్టేయడమే. ఎవరి దగ్గూ వినే తీరిక ఉండేది కాదు. అది నాకు ఎప్పుడూ వెలితిగానే ఉండేది.

ఒక రోజు మా కిటికీ పక్కన కొత్త పోస్టరు అంటించారు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించుకోండి అని. గమ్ము ఆరకముందే దాని ముందు నిలబడి రెండుసార్లు చదివాను. అమావాస్య నుంచా, పున్నం నుంచా?

సెలవులకు వెళ్లినప్పుడల్లా మాస్టారితో వాదించేదాన్ని. "మీ సీసాలో మదర్ టింక్చరు అంటే ఒప్పుకుంటాను మాస్టారూ. అందులో ఆకు ఉంది. 30 పొటెన్సీ అంటే నూటికొక వంతు చొప్పున ముప్ఫైసార్లు పలచన చెయ్యడం. పన్నెండోసారి దాటేసరికే అందులో మందు అణువు ఒక్కటైనా మిగలడం కష్టం. ఇంకేముంటుంది?" అనేదాన్ని. ఆయన కోప్పడేవారు కాదు. "నీ లెక్క తప్పని నేననలేనమ్మా. నేను చూసింది కూడా అబద్ధమనలేను" అనేవారు. నేను ఇప్పటికీ నా లెక్క దగ్గరే ఉన్నాను. కానీ ఆయన తన పెట్టె ఎప్పుడు తెరవాలో కంటే ఎప్పుడు తెరవకూడదో బాగా ఎరిగిన మనిషి. మా బాబాయి దానికి సాక్ష్యం.

ఒకసారి వాదన మధ్యలో ఆయనే చెప్పారు. "కొందరికి మందు అక్కర్లేదని తెలిసిపోతుంది. అయినా ఉత్త చేతులతో పంపితే బెంగపడతారు. వాళ్లకు పాలచక్కెర పొట్లాలు కట్టిస్తాను. నోటుబుక్కులో ఎస్.ఎల్. అని రాసుకుంటాను. హోమియో చేసేవాళ్లందరికీ ఆ గుర్తు తెలుసు."

*

పెద్దకర్మ భోజనాలయ్యాక మాస్టారి పెద్దమ్మాయి లోపలికి పిలిచింది. "అక్కా, ఈ పెట్టె, పుస్తకాలు నీకివ్వమన్నారు నాన్న. నాకైతే అందులో ఏమీ తెలీదు" అంది. చెక్కపెట్టె మూత తీశాను. బిరడాలు ఎండిపోయాయి, సీసాలు చాలావరకు ఖాళీ. సారా ఎగిరిపోయి అడుగున మరకలు మిగిలాయి. కానీ వాసన ఉంది. పెట్టె కింద బైండు చేసిన నోటుబుక్కులు పదకొండు. మొదటిది అట్ట ఊడిపోయి ఉంది.

బయట జేసీబీ ఆగింది. కిటికీలోంచి చూస్తే దడి ఉన్న చోట ఎర్రమట్టి, సున్నంతో గీసిన గీత. ఆ వెలుతురులో కూర్చుని మొదటి నోటుబుక్కు తెరిచాను. మొదటి నాలుగు ఆదివారాల తారీఖులూ రాసి ఉన్నాయి. వాటి ఎదుట ఎవరూ రాలేదు అని నాలుగుసార్లు రాసి ఉంది. ఆ కింద:

"పక్కింటి పాప. 8 ఏళ్లు. జలుబుతో మొదలై దగ్గు. తుమ్ములు. ఎద మధ్య నుంచి పొడి దగ్గు, తెల్లవారుజామున ఎక్కువ. వాసన, రుచి తెలియవు. బావిలో పడినట్టు కల. పిన్నిగారి ఆకురసం మూడు రోజులుగా నడుస్తున్నది. గుణం కనిపిస్తున్నది. నా మందు అవసరం లేదు. ఎస్.ఎల్. 6 పొట్లాలు."

దాని కింద, రెండు రోజుల తరవాతి తారీఖుతో, వేరే ఇంకుతో ఇంకో రెండు వరసలు.

"పాపకు నయం. ఊరంతా నా మందే అంటున్నారు. పిన్నిగారితో ఉన్నమాట చెప్పాను. నాకు తెలుసు నాయనా, ఎవరితోనూ అనకు అన్నారు."